పిందె పట్టని తోట

ఆ ఏడాది ఎండలు ముదిరేనాటికి మా ఇంట్లో ఇద్దరు మగవాళ్లకీ మాటల్లేవు. ఒకరు మా మామగారు, ఇంకొకరు మా ఆయన. ఒకే కప్పు కింద ఉంటూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నెలల తరబడి ఎలా నెట్టుకొచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్నయితే ఒక్క పూట నోరు మూసుకుని కూర్చోమంటే జ్వరం తెచ్చుకుంటాను.

గొడవకి కారణం వింటే నవ్వొస్తుంది. అంతకుముందటి వేసవిలో మా తోటలో వేసిన దోస పంట వడగాలికి మాడిపోయింది. పూతంతా వారం తిరక్కుండా రాలి నేలపాలైంది. గాలిని తిట్టుకుంటే సరిపోయేది. మామగారు కొడుకుని తిట్టారు. "వీడికి సేద్యం చేతకాదు" అన్నారు, అదీ నలుగురి ముందు. ఈయన మాత్రం తక్కువ తిన్నారా? "నువ్వు నేర్పిందేగా" అన్నారు. అంతే, ఇద్దరి నోళ్లకీ తాళాలు పడ్డాయి. ఆ వెంటనే మా ఆయన పైపుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి కుదిరారు.

ఇంటి విషయాలన్నీ నా మీదుగానే నడిచేవి.

"అమ్మాయ్, వాకిలి తలుపు బందు ఊడిందని మీ ఆయనకి చెప్పు" అనేవారు మామగారు. ఆ 'మీ ఆయన' ఎదురుగానే కూర్చుని మంచినీళ్లు తాగుతూ ఉండేవారు.

"విన్నానని చెప్పు" అనేవారు ఈయన.

"ఎప్పుడు బిగిస్తాడో కనుక్కో."

"ఆదివారం అని చెప్పు."

"మీ ఇద్దరి మధ్యా నన్నెందుకండీ నలుపుతారు? నేను మనిషినా, టెలిఫోను తీగనా?" అని కసురుకునేదాన్ని. ఇద్దరూ తలలు వంచుకుని తినేవారు. అదొక్కటే ఇద్దరూ కలిసి చేసే పని.

తోట దగ్గరికి వచ్చేసరికి ఆ మాత్రం రాయబారం కూడా లేదు. ముందుగా తోట మాట ఎత్తినవాడు ఓడిపోయినట్టని ఇద్దరూ లోలోపల పందెం వేసుకున్నట్టున్నారు. పుచ్చ విత్తనాలు మాత్రం ఎలాగో పడ్డాయి. మామగారు ఒక మూల నుంచి, ఈయన సెలవు రోజు చూసి ఇంకో మూల నుంచి పెట్టుకొచ్చారు. ఆ తరవాత ఎవరి వేళకి వాళ్లు వెళ్లేవారు. ఈయన షిఫ్టు వారానికోసారి మారేది కాబట్టి ఆ వేళలూ మారుతుండేవి. ఒకరు వెళ్లిన జాడ ఇంకొకరికి తెలిసేది కాదు. నేనా, దర్జీదాన్ని. వసారాలో కుట్టుమిషను పెట్టుకుని ఆ వీధి వాళ్లందరి చొక్కాలూ లంగాలూ కుడుతుంటాను. పుట్టింట్లో కూడా మాకు సేద్యం లేదు. తోట వైపు తొంగిచూసే తీరికా లేదు, సరదా అంతకన్నా లేదు.

మొలకలు లేచిన రోజుల్లో ఒక సాయంత్రం భోజనాల దగ్గర మామగారు గొంతు సవరించుకున్నారు. నా వైపే చూస్తూ అన్నారు.

"అమ్మాయ్, ఈ ఒక్క పంట చూస్తాను. ఇదీ పోయిందంటే తోట ఆ లారీల ఆసామికి ఇచ్చేస్తాను. అడిగీ అడిగీ అతని కాళ్లు అరిగిపోతున్నాయి. నా ఒక్కడి వల్ల కాదు."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఏమైనా అంటారేమో అని చూశాను. చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయారు.

లారీల ఆసామి తోట మా తోట పక్కనే ఉండేది. ఉండేది అంటున్నాను చూడండి. ఇప్పుడక్కడ తోటా లేదు, మట్టీ లేదు. కంకర పోసి, రోలరు తొక్కించి లారీలు నిలుపుతున్నాడు. నూనె మరకలు తప్ప గడ్డిపరక కూడా మొలవదు. మాదీ కలిసొస్తే బండ్లు తిరగడానికి చోటు దొరుకుతుందని అతని ఆశ. మంచివాడే, దబాయించే రకం కాదు. అలాంటివాళ్లతోనే కష్టం, తిట్టి పంపడానికి వీలుండదు.

నాకు తోట మీద మమకారం ఏమీ లేదని చెప్పానుగా. కానీ ఆ రాత్రి కడిగిన గిన్నెనే మళ్లీ మళ్లీ కడిగాను. ఈ తండ్రీకొడుకులు పోట్లాడుకున్నది తోట గురించే, అలిగింది తోట గురించే. రేపెప్పుడైనా మళ్లీ నోరు విప్పితే తోట గురించే విప్పాలి. అదీ పోతే వీళ్లిద్దరికీ మాట్లాడుకోవడానికి ఈ లోకంలో ఇంకేం మిగులుతుంది? నేను ఆ బల్ల దగ్గర ఇద్దరు మూగవాళ్లకి వడ్డిస్తూ ముసలిదాన్నైపోవాలి.

*

తోట మాత్రం చూసినవాళ్లు చూపు తిప్పుకోలేనట్టు ఎదిగింది. తీగలు బొటనవేలంత లావు. ఆకులు నల్లటి ఆకుపచ్చగా, అరచేతికి రెండింతలు. వసారా ముందు నుంచి వెళ్లే వాళ్లు ఆగి మరీ చెప్పేవారు.

"మీ తోట చూస్తే కడుపు నిండిపోతోందమ్మా. ఏం పెంచారు!"

"దిష్టి పెట్టకండి" అనేదాన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ. లోపల మాత్రం పొంగిపోయేదాన్ని. లారీల ఆసామి కూడా ఒకరోజు బండి ఆపి, "ఈసారి నాకు తోట దక్కేట్టు లేదే" అని నవ్వుతూనే నిట్టూర్చాడు.

ఇంట్లో మాత్రం ఇద్దరూ చిటపటలాడుతూనే ఉండేవారు. మామగారు తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఎవరితోనో అన్నట్టు, "మట్టి చూస్తే బూడిదలా ఉంది. పట్టించుకునే తీరిక ఎవరికుందిలే" అని గొణిగేవారు. మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి, "ఎండకి ఆకులు వేలాడిపోతున్నాయి. అయినా నాకెందుకు?" అనేవారు. నాకెందుకు అంటూనే చొక్కా మార్చుకుని బయల్దేరేవారు. నేను పట్టించుకునేదాన్ని కాదు. సణుగుడు మా ఇంటికి కొత్తేమీ కాదు.

పూత మొదలైంది. పసుపుపచ్చటి పూలు ఆకుల మధ్య నక్షత్రాల్లా విచ్చుకున్నాయి. ఇంకేముంది, గట్టెక్కేశాం అనుకున్నాను. ఆ ఆనందం మీద తేనె పిన్ని నీళ్లు చల్లింది.

తేనె పిన్ని మాకు చుట్టమేమీ కాదు. మా తోట వెనక వైపు తేనెటీగల పెట్టెలు పెట్టుకుని బతుకుతుంది. వీధిలో అందరికీ పిన్నే. చిరిగిన తన ముసుగు వల నా చేత కుట్టించుకోవడానికి వచ్చి, స్టూలు మీద కూర్చుని, గుట్టు చెబుతున్నదానిలా గొంతు తగ్గించింది.

"మీ తోటలో పిందె లేదే అమ్మాయ్."

"పూత బ్రహ్మాండంగా ఉందిగా పిన్నీ?"

"ఎన్ని ఉంటే ఏం లాభం? అన్నీ మగపూలే. ఆడపువ్వు వెనక గోళీ అంత కాయ కనిపిస్తుంది, చూశావా ఎప్పుడైనా? అదే పిందె. ఈపాటికి పక్కపక్కనే కనిపించాలి. మీ తోటంతా గాలించినా ఒకటో రెండో. ఆ కనిపించినవి కూడా పండి రాలిపోతున్నాయి. ఇంకో మాట చెప్పనా? నా ఈగలు మీ తోట వైపు వెళ్లినవి వెళ్లినట్టు తిరిగి రావడం లేదు. పొద్దున్నే మందు కొడుతున్నారా ఏంటి?"

"ఎవరు కొడుతున్నారో నాకేం తెలుసు పిన్నీ? ఆ ఇద్దరికీ నోరుంటేగా!"

పిన్ని వల తీసుకుని వెళ్లిపోయింది. నాకు ఆ పూట ఒక్క చొక్కా కూడా కత్తిరించబుద్ధి కాలేదు.

*

అసలు సంగతి బయటపడింది ఖాళీ సంచుల వల్ల.

యూరియా సంచి ఖాళీ అయితే మామగారు దులిపి, మడతపెట్టి, నా మిషను పక్కన పెట్టేవారు. "విప్పి కలిపి కుట్టమ్మా, పట్టా అవుతుంది. కాయలు కోసినప్పుడు కింద పరుచుకోవచ్చు." మా ఆయన కూడా అప్పుడప్పుడు సంచి తెచ్చి మూలన పడేసేవారు. "పారేయకు, దేనికైనా పనికొస్తుంది." నేను ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కోటి విప్పి అతుకుతూ పోయాను. ఒక మధ్యాహ్నం పట్టా ఎంతైందో చూద్దామని వసారాలో పరిచాను. వసారా చాల్లేదు. మెట్ల మీదుగా జారి వీధిలోకి వెళ్లింది.

అటు వెళుతున్న ఒకాయన, "ఏమ్మా, వీధి మొత్తానికి పందిరి వేస్తున్నావా?" అని నవ్వుకుంటూ పోయాడు.

నేను నవ్వలేదు. చొక్కాకి ఎంత గుడ్డ పడుతుందో చూపుతోనే చెప్పగలదాన్ని. మనిషి ఒక్కడే, గుడ్డ చూస్తే ఇద్దరికి సరిపడా ఉంది. మళ్లీ చూశాను. పట్టాలో సగం పసుపు సంచులు, సగం తెల్లవి. పసుపువి మామగారివి, వీధి చివర కొట్టులో కొంటారు. తెల్లవి ఈయనవి, ఫ్యాక్టరీ పక్క కొట్టువి. సగానికి సగం, తూచినట్టుగా.

ఒకరికి తెలియకుండా ఒకరు ఎరువే ఇంత పోస్తే, ఇక నీళ్ల సంగతేంటి? పట్టా అలాగే వీధిలో వదిలేసి, పెరట్లో ఉన్న చిన్న పార తీసుకుని తోటకి పరుగు తీశాను. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయాను. నేల కాలిపోతోంది. తీగల మధ్య పై మట్టి నిజంగానే బూడిదలా పొడిపొడిగా ఉంది, వేళ్లతో తోస్తే ఎగిరిపోతోంది. ఆకులు ఎండకి చెవులు వాల్చేశాయి. ఎవరు చూసినా, పాపం దాహం అనే అనుకుంటారు. పారతో తవ్వాను. జానెడు లోతు ఇసుక. దాని కింద బంకమన్ను, చల్లగా, జిగురుగా, పార లాగితే చప్పుడు చేస్తూ వచ్చింది. మురుగు వాసన కొట్టింది. తవ్విన గుంటలోకి నా కళ్ల ముందే నీళ్లు ఊరాయి.

ఎక్కడ తవ్వినా అదే వరస. మొక్కల వేళ్లు నీళ్లలో నాని, ఊపిరాడక ఆకులు వేలాడుతుంటే, దాహమనుకుని ఇంకా ఇంకా పోస్తున్నారు. తాగించి తాగించి చంపుతున్నారు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లు మండింది కూడా. మండిందే ఎక్కువ.

*

ఆ సాయంత్రం మా ఆయనకి షిఫ్టు లేదు. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. నేను అన్నీ వడ్డించి, చివరిగా ఒక కంచం తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాను. అందులో పిడికెడు కాదు, తలకాయంత బంకమన్ను ముద్ద. నీళ్లు కారుతున్నాయి.

"ఏంటిది?" అన్నారు మామగారు, నాతో.

"మీ తోట" అన్నాను. "ఈ పూట దీన్నే తినండి. జానెడు లోతున తోటంతా ఇలాగే ఉంది."

మా ఆయన నా వైపు వింతగా చూశారు. "నువ్వు తోటకి ఎందుకెళ్లావు?"

"మీరిద్దరూ వెళ్లి ఉద్ధరిస్తున్నది చాలక! ఏవండీ, మీరు ఎన్ని సంచులు వేశారో ఆయనకి తెలుసా? మామయ్యగారూ, మీరు ఎన్ని వేశారో ఈయనకి తెలుసా? ఒక్క తోటకి రెండు తోటల ఎరువు పోశారు. అందుకే ఆకులు ఏనుగు చెవుల్లా ఉన్నాయి. తిండి ఎక్కువై కొవ్వెక్కి కూర్చుంది, కాయ కాయడానికి దానికేం పట్టింది? ఇక నేను ఒక్క ముక్క కూడా అటు నుంచి ఇటు మొయ్యను. మొయ్యమన్నవాళ్లు వండుకు తినండి."

అని వంటింట్లోకి వెళ్లిపోయాను. వెళ్లానే గానీ, చెవులు ఇటే పెట్టాను.

తరవాత కంచం జరిగిన చప్పుడైంది. తొంగిచూస్తే మామగారు మట్టిముద్ద చేతిలోకి తీసుకుని పిసుకుతున్నారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి బల్ల మీద పడుతున్నాయి. దాన్ని అలాగే కొడుకు ముందు పెట్టారు. ఈయన వాసన చూశారు.

"నీళ్లెప్పుడు పెట్టావురా?" అన్నారు మామగారు.

"మొన్న."

"నిన్న నేనూ పెట్టాను."

"పైన పొడిగా ఉంటే... నువ్వు మర్చిపోతున్నావేమో అనుకున్నా నాన్నా. వయసు కదా, పోనీలే అని నేనే పెట్టేస్తున్నా."

"నాకా వయసు?" అని ఒంటికాలి మీద లేచారు మామగారు. అంతలోనే చల్లారిపోయారు. "నువ్వు ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని వస్తున్నావు, నీకెక్కడ ఓపికలే అని నేను..." మట్టి అంటిన చెయ్యి పంచెకి తుడుచుకున్నారు. "మందు?"

"పొద్దున్నే కొడుతున్నా."

"నేనూ పొద్దున్నే."

నేను పొయ్యి దగ్గర నిలబడి చేత్తో నోరు మూసుకున్నాను. నవ్వో ఏడుపో బయటికి వినబడితే మళ్లీ ఎక్కడ ఆగిపోతారో అని భయం.

"అన్నం చల్లారిపోతోంది, తిను" అన్నారు మామగారు కొడుకుతో.

*

మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ కలిసి వెళ్లారు. పల్లం వైపు తోట పొడవునా కాలవ తవ్వారు. తవ్వుతున్నంతసేపూ పోట్లాటే. లోతు చాలదని ఒకరు, ఎక్కువైందని ఒకరు. మధ్యాహ్నం మజ్జిగ తీసుకుని నేను వెళ్లేసరికి కాలవలో నల్లటి నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఎరువు ఆపేశారు. మందు ఆపేశారు. తీగల కొసలు గిల్లేశారు, ఇంక పాకడం మాని కాపు మీద పడమని. నీళ్లు పూర్తిగా ఆపేశారు.

చెప్పినంత తేలిక కాదు ఆ నీళ్లు ఆపెయ్యడం. ఎండ ఏమో నిప్పులు చెరుగుతోంది. మధ్యాహ్నానికి తోటంతా తలలు వాల్చేసేది. మామగారు వసారాలో కూర్చోలేరు, నిలబడలేరు. పది నిమిషాలకోసారి నా మిషను దగ్గరికి వచ్చేవారు.

"ఒక్క తడి ఇస్తే ఏమవుతుందమ్మా?"

"నన్నడక్కండి. నేను దర్జీదాన్ని."

"చంటిపిల్లలు గుక్కపెట్టి ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నట్టుందమ్మా."

ఒకరోజు ఉండబట్టలేక మోటారు గదికి వెళ్లారు. వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చారు, మొహం కందగడ్డలా పెట్టుకుని.

"నీ మొగుడు ఫ్యూజు పీకి పట్టుకుపోయాడు! నా మోటారుకి! నన్ను దొంగని చేశాడు!"

సాయంత్రం ఈయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి జేబులోంచి ఫ్యూజు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు ఆగలేవని నాకు తెలుసు నాన్నా. నేనూ ఆగలేను. అందుకే వెంట తీసుకెళ్లా." మామగారు గంటసేపు కొడుకుని దులిపేశారు. ఈయనా ఊరుకోలేదు. అన్ని నెలల బాకీ ఆ పూటే తీర్చేసుకున్నారు. ఇరుగుపొరుగు ఏమైందో అని తొంగిచూస్తే, "ఏం లేదు, బాగానే ఉన్నారు" అని చెప్పి తలుపు వేశాను.

తేనె పిన్నిని నేనే బతిమాలాను. "మందు కొట్టడం మానేశారు పిన్నీ, నాదీ పూచీ. నాలుగు పెట్టెలు మా గట్టు మీద పెట్టు." పిన్ని ఒక పట్టాన ఒప్పుకోలేదు. "నా ఈగలు పోతే నీ చొక్కాలు తేనె పెడతాయా?" అంది. చివరికి నా మొహం చూసి ఒప్పుకుంది. ఆ పెట్టెలు పెట్టిన పొద్దున మామగారు గట్టు మీద గొంతుక్కూర్చుని, ఏ ఈగ ఏ పువ్వు మీద వాలుతోందో కాపలా కాశారు. ఎండ ఎక్కి పూలు ముడుచుకున్నాకే ఇంటికి వచ్చారు.

మొదటి పిందె చూసింది మా ఆయన. పొద్దున్నే తోటలోంచి కేక వేశారు, ఏదో కరిచిందేమో అని నేను కత్తెర పట్టుకునే పరిగెత్తాను. చూస్తే ఆకు ఎత్తిపట్టుకుని నిలబడి ఉన్నారు. ఆకు కింద ఆడపువ్వు, దాని వెనక నూగు నూగుగా, గోళీ అంత, ఆకుపచ్చ చారల పిందె. మామగారు వంగి చూశారు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఉంటుందంటావా?" అన్నారు కొడుకుతో.

"ఉంటుందిలే నాన్నా."

ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి. వేళ్లు తేరుకున్నాక లెక్కగా తడి ఇచ్చారు, తవ్వి చూసి మరీ. తీగకి రెండు మంచి పిందెలు ఉంచి మిగతావి తుంచేశారు. తుంచేటప్పుడు మామగారు కళ్లు మూసుకున్నారు. కాయల కింద ఎండుగడ్డి వేశారు. కాయలు కొబ్బరిబొండాలంత అయ్యాక ఒక మధ్యాహ్నం, ఆకాశం ఒక్కసారిగా నల్లబడి కుండపోతగా కురిసింది. నేను వసారాలో నిలబడి ఆ పంట పోయినట్టే అనుకున్నాను. ఆ సమయంలో నీళ్లు ఎక్కువైతే కాయ నిలువునా పగులుతుందని అప్పటికి నాకూ తెలుసు. తండ్రీకొడుకులు పారలు తీసుకుని వానలోకే ఉరికారు. వెలిశాక వెళ్లి చూస్తే తోటలో చుక్క నిలవలేదు, కాలవ బుసలు కొడుతూ పారుతోంది. కొన్ని కాయలు పగిలాయి. ఎక్కువ భాగం నిలబడ్డాయి. ఇద్దరూ నఖశిఖపర్యంతం బురద. ఎవరు తండ్రో ఎవరు కొడుకో పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది.

*

కోత రోజు పొద్దున లారీల ఆసామి గట్టు మీదికి వచ్చాడు. కాయలన్నీ నా పట్టా మీద గుట్టగా పోసి ఉన్నాయి. విరగకాసిందని అనను. ఆలస్యమైంది, కాయ కొంచెం చిన్నదైంది, తోటలో ఒక మూల అసలు కోలుకోనే లేదు. కానీ కాసినవి కోస్తే ఎర్రగా నిగనిగలాడుతున్నాయి, తింటే చేతులు అంటుకునేంత తీపి.

"పెద్దాయనా, ఇంతకీ నా సంగతి ఏం చేశారు?" అన్నాడు ఆసామి, ముక్క తింటూ.

"నీ కోసమే చూస్తున్నానయ్యా. లారీ కావాలి" అన్నారు మామగారు.

"లారీయా?"

"తోటలోకి కాదు. మార్కెట్‌కి. ఈ కాయలు ఎక్కించాలి. పొద్దెక్కకుండా బయల్దేరాలి, తొందరగా పంపు."

ఆసామి ఒక్క క్షణం బిక్కమొహం వేసి, తరవాత తనే పగలబడి నవ్వి, పక్కనే నిలిపిన లారీని రప్పించాడు. కాయలు ఎక్కించడం పూర్తవుతుండగా ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాడు. గింజ ఉమ్మేసి, "పోనీ, లారీకి పని దొరికిందిలే. మీ చెయ్యి మహత్యం ఊరికే పోతుందా? ఈ వయసులో కూడా పండించారంటే..." అన్నాడు.

"నా చెయ్యా?" అన్నారు మామగారు. "నా చేతికి వదిలేస్తే ఈ తోట ఎప్పుడో కుళ్లిపోయేది. నీళ్లు ఆపేసి నిలబడింది మావాడు. నాకంత గుండె లేదయ్యా."

గొంతు తగ్గించి చెప్పలేదు. కూలీలు, తేనె పిన్ని, డ్రైవరు, అందరూ విన్నారు. లారీ వెనక తాడు కడుతున్న మా ఆయన కూడా విన్నారు. నేను అటు వెళ్లాను. వేసిన ముడి విప్పుతున్నారు. విప్పి మళ్లీ అదే ముడి వేస్తున్నారు. మళ్లీ విప్పుతున్నారు.

"ఆ ముడికేమైందండీ?" అన్నాను.

"గట్టిగా ఉండాలిగా" అన్నారు. నా వైపు తిరగలేదు. నేనూ ఆయన మొహం చూడటానికి ప్రయత్నించలేదు. భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాను.

ముందు నుంచి మామగారి కేక వినిపించింది. అప్పటికే ఆయన లారీ ఎక్కి కూర్చున్నారు.

"ఒరేయ్, రావేంట్రా? మార్కెట్లో బేరం ఎవడు చేస్తాడు, మీ తాతా?"

ఈయన చొక్కా చేతితో మొహం తుడుచుకుని వెళ్లి ఎక్కారు. లారీ కదిలింది. కదిలీ కదలకముందే లోపల మొదలుపెట్టేశారు. వచ్చే పంట మళ్లీ పుచ్చే అని ఒకరు, నేల తేరుకోవాలి, చిక్కుడు వేద్దామని ఒకరు. నీకేం తెలుసని ఒకరు, నీకే అన్నీ తెలుసని ఒకరు. డ్రైవరు పాపం తన పక్కకి ఒదిగి, ఇద్దరి చేతులూ తన మొహం ముందు ఆడుతుంటే తల వెనక్కి వాల్చి నడుపుతున్నాడు.

"ఎక్కడికెళ్లినా కొట్టుకు చస్తారే వీళ్లు" అంది తేనె పిన్ని.

"కొట్టుకోనీ పిన్నీ" అన్నాను. లారీ మలుపు తిరిగేదాకా ఆ అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. నేను కాయలు ఎత్తేసిన పట్టా మధ్యలో నిలబడి, చివరి మాట వినిపించేదాకా విన్నాను.